మూలాపేట షాపులో పాత సామాను: ఏది కథ, ఏది కట్టుకథ

గొడవ గడియారం దగ్గర మొదలైంది. నెల్లూరు మూలాపేటలో ఒక పాత మండువా ఇంటిని కాఫీ షాపుగా మార్చారు. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా గోడకి గంటల గడియారం, దాని కింద చిన్న అట్టముక్క. "ఆన్సోనియా, న్యూయార్క్. 1935లో ఒక జమీందారు గారు కొత్తగా కొని తెప్పించుకున్నది" అని దాని మీద రాసుంది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కాఫీ తాగుతూ అది చదివి, కౌంటర్ దగ్గరికొచ్చి, "బాబూ, ఆన్సోనియా కంపెనీ 1929లోనే మూతపడింది. యంత్రాలన్నీ రష్యావాళ్లు కొనుక్కుపోయారు. ఆరేళ్ల తర్వాత మీ జమీందారుకి కొత్త గడియారం ఎవరు చేసిచ్చారు?" అన్నారంట. చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. యజమాని ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నా షాపులో ఇంకెన్ని అబద్ధాలు వేలాడుతున్నాయో ఒకసారి వచ్చి చూసిపో."

నా పని పాత చెక్క సామాను బాగుచేయడం. 22 ఏళ్లుగా ఇదే. తలుపులు, పందిరి మంచాలు, భోషాణాలు, ఉయ్యాల బల్లలు ఎక్కువగా వస్తాయి. వస్తువుని బాగుచేయమనేవాళ్లే గానీ, దాని కథని బాగుచేయమని అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఇదే పనిలో ఉన్నవాళ్లకీ, పాత సామానుతో షాపు అలంకరించాలనుకునేవాళ్లకీ ఉపయోగపడుతుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ఒప్పుకున్న పని

షాపు తమాషాగా ఉంటుంది. ముందు వసారాలో కాఫీ, మండువా చుట్టూ బల్లలు, వెనక వంటింట్లో పచ్చళ్లూ మొలగొలుకుల బియ్యమూ అమ్ముతారు. ఒక మూల ఉదయగిరి చెక్క గరిటెలు. కాఫీ ధరలు మార్కాపురం పలకల మీద సుద్దతో రాసి ఉంటాయి. యజమాని బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చినవాడు. పాత వస్తువు కనిపిస్తే కొనకుండా ఉండలేడు. కొన్ని కారైక్కుడి పాత సామాన్ల బజారులో కొన్నాడు, కొన్ని స్టోన్‌హౌస్‌పేట పాత ఇనుము కొట్లలో, మరికొన్ని కందుకూరు వైపు ఉన్న తాతగారి ఇంట్లోంచి తెచ్చాడు. మొత్తం 43 వస్తువులు లెక్క తేలాయి. కొన్నప్పుడు అమ్మినవాళ్లు చెప్పిన ప్రతి మాటా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. ఆ అలవాటుకి దణ్ణం పెట్టాలి. ఆ పుస్తకం లేకపోతే ఈ కేసే లేదు. కాకపోతే విన్నదంతా ఉన్నదున్నట్టు అట్టల మీదికి ఎక్కించేశాడు.

నేను పెట్టిన షరతు ఒకటే. ప్రతి వస్తువుకీ రెండు వరుసలు రాద్దాం, "చూసింది", "విన్నది" అని. చెక్క, అతుకు, మేకు, తాళం, మరక, అరుగుదల చూపించేదంతా మొదటి వరుసలోకి పోవాలి. అమ్మినవాళ్లూ ఇంట్లోవాళ్లూ చెప్పింది రెండో వరుసలోకి. రెండోది మొదటిదానికి అడ్డం తిరిగితే రెండోది ఎగిరిపోతుంది. అడ్డం తిరగకపోతే "అని చెప్పారు" అనే మాటతో ఉంటుంది. యజమాని కాస్త దిగాలుపడ్డాడు. "జమీందారు లేకపోతే గడియారం ఎవరు చూస్తారన్నా?" అన్నాడు. చూద్దాంలే అన్నాను.

ముందు ఆ గడియారమే దించాను. డయల్ మీద భూతద్దం పెడితే అంకెలూ అక్షరాలూ చిన్న చిన్న చుక్కలుగా విడిపోయాయి. ఈమధ్య ప్రింటు తీసి అంటించిన కాగితం అది. లోపలి యంత్రం ఇత్తడి పలక మీద జపాన్‌లో తయారైందని ఇంగ్లీషులో కొట్టి ఉంది. పెట్టె పక్కలు కొత్త మామిడి చెక్క, రంగు పూసినది. ముందు తలుపు ఒక్కటే పాత టేకు. అంటే మూడు చోట్ల నుంచి మూడు ముక్కలు తెచ్చి కట్టిన పెళ్లి ఇది. పాత సామాన్ల బజార్లలో దొరికే గంటల గడియారాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. పెద్దాయన తేదీ పట్టుకుని అడిగారు గానీ, అసలు అది ఆన్సోనియానే కాదు.

గల్లాపెట్టె

షాపుకొచ్చినవాళ్లు ఎక్కువగా ఫొటో దిగేది దీని పక్కనే. అడుగున్నర ఎత్తు, ఏటవాలు మూత, మూతలో చిల్లర జారవిడిచే సందు, లోపల ఒకే చెక్కలో తొలిచిన 5 గుండ్రటి గుంటలు, నాణేలు వేరుచేసి పోసుకోవడానికి. పరుపు మీద బాలీసుకి ఆనుకుని కూర్చునే షావుకారు ఎత్తుకి చేసింది. మనవాడు దాన్ని మూడడుగుల ఇనుప కాళ్ల మీద నిలబెట్టి, మూతకి ఫోన్‌పే స్కానర్ అంటించాడు. చిల్లర సందు పక్కనే స్కానర్. నాకైతే బాగానే అనిపించింది.

అట్ట మీద కథ: "150 ఏళ్ల నాటిది. రంగూన్‌లో బంగారం వ్యాపారం చేసిన నెల్లూరు కుటుంబం 1942లో జపాన్ దాడి నుంచి తప్పించుకుని వస్తూ వెంట తెచ్చుకున్నది."

పెట్టె దాదాపు 30 కిలోలు తూగింది. 1942లో బర్మా నుంచి మనవాళ్లు ఎంతోమంది అడవుల్లో నడిచి, దారిలో తిండికీ నీళ్లకీ అల్లాడి వచ్చారు. ప్రాణం దక్కించుకోవడమే గొప్ప అనుకున్న దారి అది. ఆ దారిన ఈ పెట్టె వచ్చిందంటే నమ్మడం కష్టం. అమ్మినవాడు రంగూన్ అనడానికి కారణం చెక్క. అది బర్మా టేకు అన్న మాట నిజమే అయ్యుండొచ్చు. వలయాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, చిత్రిక పడితే నూనె వాసన ఘాటుగా వచ్చింది. అయితే బర్మా టేకు దుంగలు ఓడల్లో మద్రాసు రేవుకి దిగి, అక్కడి నుంచి మన ఊళ్లకి వచ్చేవి. విజయవాడ-గూడూరు రైలు మార్గం 1899లో పడింది. అంతకుముందు ఈ తీరంలో బరువు సరుకు ఎక్కువగా పోయింది బకింగ్‌హామ్ కాలవలోనే. చెక్క రంగూన్‌దైతే మనిషి కూడా రంగూన్ వాడే కావాలని ఏముంది?

ఇక వయసు. మూత మడతబందులకి ప్లస్ గుర్తు స్క్రూలు ఉన్నాయి. ఆ రకం స్క్రూ అమెరికాలో 1930లలో పుట్టింది. ఇది చూసి చాలామంది "అయితే పెట్టె కొత్తదే" అని తేల్చేస్తారు. నేనూ చిన్నప్పుడు అలాగే పొరపాటు పడేవాణ్ణి. బందులు విప్పితే కింద పాత బెజ్జాలు కనిపించాయి. వాటిలో వెదురు పుల్లలు దిగ్గొట్టి మూసేశారు. అంటే బందులు ఒకసారి ఊడిపోయి మళ్లీ బిగించారు. మరమ్మతు వయసు వేరు, వస్తువు వయసు వేరు. అసలు వయసు చెప్పేది మూలల్లోని అతుకులు. డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు అతుకు) పళ్లు ఒక్కోటి ఒక్కో వెడల్పు, లోపలివైపు గీత గీసుకున్న సూది గుర్తు ఇంకా ఉంది. చెక్క వెనక రంపం గీతలు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. గుండ్రటి బ్లేడున్న మిషన్‌లో కోస్తే గీతలు విల్లులా వంగుతాయి. చేత్తో కోసి, చేత్తో అతికిన పెట్టె అన్నమాట. దాన్ని బట్టి 150 ఏళ్లు అనీ చెప్పలేం, 80 అనీ చెప్పలేం. చేతిరంపం మన ఊళ్లలో నిన్నమొన్నటిదాకా ఉంది.

ఇక్కడే నా తప్పు చెప్పాలి. పెట్టెలో కుడివైపు సొరుగు ఉంది. జిడ్డుపట్టి నల్లగా ఉంది. నా దగ్గర పనిచేసే కుర్రాడికి "లోపల శుభ్రం చెయ్యి" అని చెప్పి నేను తలుపుల పని మీద వెళ్లాను. శుభ్రం అంటే ఏంటో చెప్పలేదు. తిరిగొచ్చేసరికి వాడు ఉప్పుకాగితం పెట్టి సొరుగు అడుగు సగం తెల్లగా తోమేశాడు. మిగిలిన సగంలో జిడ్డు కింద పెన్సిల్ గీతలు! గుండె ఆగినంత పనైంది. వాణ్ణి తిట్టి లాభం లేదు. చెప్పాల్సింది నేను, చెప్పలేదు.

ఎస్టిమేట్ కోసం మొదటి రోజు ఫోన్‌లో తీసిన ఫొటోల్లో ఆ సొరుగు ఒకటుంది. వెలుతురు చాలదు, పక్క నుంచి తీసింది. దాన్ని పెద్దది చేసి, రంగు మార్చి, మిగిలిన సగంతో కలిపి చూస్తే నాలుగు వరుసలు చదవగలిగాం. తెలుగు అంకెల్లో ఉన్నాయి. ఒక వరుస స్పష్టంగా "౩ పు ౧౨ తూ" అని ఉంది. మూడు పుట్ల పన్నెండు తూములు. పుట్టి, తూము ధాన్యం కొలతలు, పుట్టికి 20 తూములు. కింద రూపాయలు, అణాలు. అణాల లెక్క 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా నడిచింది. కాబట్టి ఆ గీతలు అంతకు ముందువి, లేదా ఆ తర్వాత కొన్నాళ్లు అలవాటు మానలేని పెద్దమనిషివి. బంగారం వ్యాపారి తులాల్లో రాసుకుంటాడు గానీ పుట్లలో రాసుకోడు. ఇది ధాన్యం కొట్టు గల్లాపెట్టె. నెల్లూరులో ఇప్పటికీ రైతు వడ్లని పుట్టి లెక్కనే అమ్ముతాడు. ఇవాళ పుట్టి అంటే 850 కిలోలు. వెనక గదిలో మొలగొలుకులు అమ్మే షాపుకి ఇంతకంటే దగ్గర చుట్టం ఏ రంగూన్ నుంచి వస్తుంది?

యజమానికి తప్పు ఒప్పుకున్నాను, ఆ పెట్టె కూలి తీసుకోలేదు. సొరుగుని ఇప్పుడు సగం తోమినట్టే వదిలేశాం. పైన పల్చటి అద్దం పలక పెట్టాం. అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం: ఏ సొరుగైనా, ఏ తలుపు వెనకైనా, టార్చిలైటు పక్క నుంచి వాలుగా వేసి ఫొటో తీయకుండా తడిగుడ్డ కూడా తగలకూడదు.

కుక్క బొమ్మ గ్రామఫోను

దీని గురించి పాలిష్ పనివాళ్లందరికీ తెలుసు గానీ కొనేవాళ్లకి తెలియదు. పెద్ద ఇత్తడి గొట్టం, ఎనిమిది మూలల పెట్టె, ముందు గ్రామఫోను వింటున్న కుక్క బిళ్ల. ఇలాంటివి ఇప్పుడు బజారుకి కొత్తగా చేసి దించుతున్నారు. గొట్టం కొత్తది, పెట్టె కొత్తది, బిళ్ల కొత్తది. లోపల మోటారు మాత్రం పాత సూట్‌కేసు గ్రామఫోనులోంచి పీకింది. అక్కడ గొట్టం బయట ఉండదు, పెట్టెలోనే మడతపెట్టి ఉంటుంది. అలాంటి మంచి సూట్‌కేసు పెట్టెలు ఎన్నో ఈ గొట్టాల పిచ్చికి ముక్కలైపోయాయి. ఇది నాకు ఒళ్లు మండే విషయం, అందుకే రెండు మాటలు ఎక్కువ రాశాను.

అట్ట మీద ఇది చెట్టియార్ల మేడలోంచి వచ్చిందని ఉంది. ఆ మాట తీసేశాం. అయితే ఒక్క ముక్క మాత్రం అసలైంది దొరికింది, సౌండ్‌బాక్సు. సూది పట్టుకునే గుండ్రటి డబ్బీ అది. రికార్డు గాడిలో సూది అదురుతుంటే, ఒక చిన్న కడ్డీ ఆ అదురుని డబ్బీలోని పల్చటి పొరకి అందిస్తుంది, పొర గాలిని కదిలిస్తుంది, గొట్టం దాన్ని పెద్దది చేస్తుంది. కరెంటు అక్కర్లేదు. తర్వాతి కాలపు డబ్బీల్లో ఆ పొర అల్యూమినియం రేకు. దీంట్లో ఉన్నది అభ్రకం, మన పెద్దవాళ్లు కాకిబంగారం అంటారే, అదే. గాజులా తళతళలాడుతూ, పొరలు పొరలుగా విడిపోయేది, తేలిక, బిగువు.

గూడూరు, సైదాపురం, కలిచేడు అంటే అభ్రకం గనులు. నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. యజమాని ఎగిరి గంతేశాడు. "అయితే ఇది మన సైదాపురం అభ్రకమే అని రాద్దాం అన్నా!" ఇదిగో, కట్టుకథ పుట్టేది ఇలాగే. మనిషి చెడ్డవాడై కాదు, ముచ్చటపడి. జార్ఖండ్‌లోని కోడర్మా గనుల నుంచి కూడా ప్రపంచమంతా అభ్రకం పోయేది. డబ్బీలోని పొర మీద ఊరి పేరు ఉండదు. చివరికి అట్ట మీద ఇలా రాశాం: "గొట్టం, పెట్టె కొత్తవి. సౌండ్‌బాక్సు పాతది. దాంట్లో పాట పలికేది అభ్రకం పొర. అభ్రకం గనులు చూడాలంటే ఇక్కడి నుంచి సైదాపురం వైపు వెళ్లండి." పక్కనే ఒక అభ్రకం ముక్క, చేత్తో పొర తీసి చూడటానికి. పిల్లలు గ్రామఫోను కంటే దాని దగ్గరే ఎక్కువసేపు ఉంటున్నారు.

పొర చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడి గరగరలాడుతుంటే సన్నటి సిలికాన్ గొట్టం కోసి వేశాను. ఉక్కు సూది రికార్డు ఒక వైపు తిరిగాక మార్చేయాలి. లేకపోతే అరిగిన సూది గాడిని చెక్కేస్తుంది. ఆదివారం సాయంత్రం ఒకటే రికార్డు, అటూ ఇటూ, అంతే.

బడి బల్ల కాని బల్ల

నాలుగున్నర అడుగుల వేప పలక, రెండంగుళాల మందం, అటూ ఇటూ జరిపి తొలిచిన రెండు వరుసల్లో 14 గుండ్రటి రంధ్రాలు. స్టోన్‌హౌస్‌పేట పాత సామాన్లాయన "మిషన్ బడి బల్ల సార్, ఇంకుబుడ్లు పెట్టుకునేవాళ్లు" అన్నాడు. యజమాని దానికి కాళ్లు వేయించి వసారాలో బెంచీగా పెట్టాడు. నేను చూశాను. ఒక బల్లకి 14 ఇంకుబుడ్లు ఏంటని అనుమానం రావాల్సింది. ఇంకు మరక ఒక్కటీ లేదని కూడా చూశాను. అయినా, రంధ్రాలు ఉన్నాయి కదా, బడి పిల్లలు వరుసగా కూర్చునేవాళ్లేమో అని, కొత్త అట్ట మీద కూడా "బడి బల్ల అని చెప్పారు" అని రాసేశాను. "అని చెప్పారు" అన్న మాట వెనక దాక్కున్నాను. ఆ మాటకి ఆ ప్రమాదం ఉంది.

అట్ట పెట్టిన వారానికి ఒక ముసలాయన మనవరాలితో కాఫీకొచ్చాడు. బెంచీ మీద కూర్చోబోయి ఆగి, చేత్తో రంధ్రాలు తడిమాడు.

"ఇది బడి బల్ల ఏంది అబ్బయ్యా? సోడా బండి పలక ఇది. నేను ముప్పై ఏళ్లు తోసుండా ఈ బండి."

అదృష్టం కొద్దీ ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన ఒక్కో గుర్తూ చూపించాడు. గోలీసోడా బుడ్డి అడుగు దిగేంత రంధ్రం. లోపలి అంచు అన్నివైపులా సమానంగా అరగలేదు, ఒకవైపే అరిగింది, బుడ్డిని ఎప్పుడూ బండి తోసేవాడి వైపు వంచి తీస్తాడు కాబట్టి. పలక కుడి చివర నల్లటి మరక ఐసుగడ్డ మీద కప్పిన తడి రంపంపొట్టుది. ఎడమ చివర మేకు గోలీని లోపలికి కొట్టే చెక్క బిరడా వేలాడదీయడానికి. నేను ఆ మేకుని పీకేద్దామనుకున్నాను, బట్టలకి తగులుతుందని. బద్ధకం వల్ల ఆగింది.

గోలీసోడా బుడ్డిని 1870ల్లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు. లోపలి గ్యాస్ గోలీని పైకి నెట్టి మూతి దగ్గర రబ్బరు రింగుకి అదిమిపెడుతుంది. మూత అక్కర్లేని మూత. వాళ్ల దేశంలో ఎప్పుడో పోయింది, మన బజార్లలో బతికే ఉంది. ముసలాయన చెప్పిన మరో మాట నాకు నచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం నిండు బుడ్లు ఎండలో పెడితే పగిలేవంట. అందుకే పలక మీద తడి గోనె కప్పేవాళ్లంట. చూస్తే నిజమే, రంధ్రాల మధ్య చెక్క పొగలాంటి బూడిదరంగులో ఉంది, ఏళ్ల తరబడి తడిసి ఆరిన వేప చెక్క అలాగే అవుతుంది. అది నేను తోమేద్దామనుకున్న రంగే.

కాళ్లు విప్పించాం. పలకని గోడకి ఆనించి, 14 రంధ్రాల్లో 14 గోలీసోడా బుడ్లు పెట్టాం. ఇప్పుడు షాపులో సోడా కూడా అమ్ముతారు.

తీసేసినవి

ఇవి త్వరగా చెప్పేస్తాను. తాతగారింటి నుంచి వచ్చిన జింక కొమ్ములు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఓనర్‌షిప్ సర్టిఫికెట్ లేకుండా వాటిని గోడకి పెట్టుకుంటే నేరం కావచ్చు. "మా తాత వేటాడినవి, అప్పుడు చట్టం లేదు" అన్నాడు యజమాని. ఉన్నది ఇప్పుడు నీ గోడ మీద కదా అన్నాను. లాయర్ని అడిగి అటవీ శాఖకి అప్పగించాడు. పొలంలో ట్రాక్టరుకి తగిలిందని ఎవరో తెచ్చిచ్చిన బొమ్మల రాయి ఇంకొకటి. భూమిలో దొరికిన పది రూపాయలకి మించిన విలువైన పాతకాలపు వస్తువు గురించి కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. దాన్ని తహసీల్దారు ఆఫీసుకి పంపాం. షాపు అలంకరణకి ఇలాంటివి ఎంత బాగున్నా టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పాత కంపెనీల ఎనామెల్ బోర్డులు నాలుగు. అసలు ఎనామెల్ అంటే ఇనుప రేకు మీద కాల్చిన గాజు. దెబ్బ తగిలితే పెంకులా లేస్తుంది, గీకితే గోటికి అంటదు. ఇవి రేకు మీద పెయింటు. తుప్పు కూడా ఉప్పునీళ్లు చల్లి పట్టించినదే, ఎందుకంటే తుప్పు అంచుల్లో కాకుండా బొమ్మ మధ్యలో, అందంగా కనిపించే చోటే ఉంది. నాలుగూ దించేశాం. రవివర్మ లక్ష్మి బొమ్మ ఒకటి. రవివర్మ ముంబైలో ప్రెస్ పెట్టింది 1894లో. ఆ రాతి అచ్చు బొమ్మని భూతద్దంలో చూస్తే చుక్కలు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. దీంట్లో చుక్కలు ముగ్గులో పెట్టినట్టు వరుసగా ఉన్నాయి, ఈనాటి ప్రింటు. ఫ్రేము మాత్రం నిజంగా పాతది, జిట్రేగి చెక్క. బొమ్మ తీసేసి ఫ్రేములో అద్దం వేశాం.

ఒక స్టూలు విషయంలో మాత్రం అందరం భయపడ్డాం. ఎర్రచందనం అని చెప్పి అమ్మారు. వెలిగొండల కింద ఉండేవాళ్లకి ఆ మాట వింటేనే పోలీసులు గుర్తొస్తారు. స్పిరిట్‌లో ముంచిన దూది రుద్దితే ఎర్రగా అయింది. ఎర్రచందనం రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. యజమాని ముఖం పాలిపోయింది. అయితే స్పిరిట్‌కి లేచే రంగు ఎర్రచందనం ఒక్కటే కాదు, పాలిష్‌లో కలిపే రంగు కూడా లేస్తుంది. స్టూలు తిరగేసి, కాలు అడుగున ఉలితో గోరంత చెక్క తీశాను. లోపల లేత పసుపు. ఆ పొట్టు నీళ్లలో వేస్తే తేలింది. ఎర్రచందనం చేవ ముక్క మునిగిపోతుంది. వేప స్టూలుకి ఎర్రరంగు. ఇంత ఆనందంగా మోసపోయిన మనిషిని నేను చూడలేదు.

ఉదయగిరి గరిటెల మీద "నవాబుల కాలం నాటివి" అని ఉన్న అట్ట కూడా తీసేశాం. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కలతో ఉదయగిరిలో ఇప్పుడు చేస్తున్నవి అవి, నిరుటివి కూడా కావు. ఇవాళ్టి చేతిపని అని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఏసీ చేసిన పని

ఇది కథ సంగతి కాదు, చెక్క సంగతి. కానీ షాపు పెట్టేవాళ్లందరికీ ముంచుకొచ్చేది ఇదే. మండువా పక్క గదిలో 34 అంగుళాల వెడల్పు భోజనాల బల్ల ఉంది. రెండే పలకలు. ఒక రాత్రి టపాకాయ పేలినట్టు శబ్దమై, తెల్లారి చూస్తే మధ్యలో వేలు దూరేంత చీలిక.

నెల్లూరు గాలిలో తేమ ఎక్కువ. చెక్క వందేళ్లుగా ఆ తేమకి అలవాటు పడింది. ఇప్పుడు పగలంతా ఏసీ, దాని గాలి నేరుగా బల్ల మీదికి. రాత్రి ఏసీ ఆపితే మళ్లీ తేమ. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది, ఉబ్బుతుంది. ఆ బల్ల చేసిన మేస్త్రికి ఇది తెలుసు. పై పలకని చట్రానికి చెక్క బిళ్లలతో, గాడిలో జరిగేలా పట్టించాడు. తర్వాత ఎవరో మరమ్మతు చేసినాయన "గట్టిగా ఉండాలి" అని ఫెవికాల్ పోసి నాలుగు వైపులా స్క్రూలు దిగ్గొట్టాడు. పలకకి కదలడానికి చోటు లేక పగిలింది.

స్క్రూలు పీకి, పాత బిళ్లల పద్ధతిలోనే మళ్లీ పట్టించాను. చీలికలో పాత టేకు సన్న బద్ద చొప్పించాను, లప్పం పెట్టలేదు. లప్పం ఏడాదిలో ఊడొస్తుంది. ఏసీ గాలి పైకి తిరిగేలా రేకు పెట్టించాం.

పాలిష్ దగ్గర చిన్న వాదన జరిగింది. అన్నిటికీ పీయూ (పాలీయురేతేన్) కోటింగ్ కావాలన్నాడు యజమాని, కాఫీ మరకలు పడతాయని. ఆయన మాటలో న్యాయం ఉంది. లక్క పాలిష్ మీద వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. కానీ లక్కని రేపు ఎవరైనా స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వేసుకోవచ్చు. పీయూని తీయాలంటే చెక్కనే గీకాలి, గీకితే పుట్లూ తూములూ అన్నీ పోతాయి. చివరికి కాఫీ పెట్టే బల్లలు కొత్త టేకుతో చేయించి వాటికి పీయూ కొట్టాం. పాతవాటికి లక్క, పైన మైనం. భోజనాల బల్ల మీద మాత్రం వేడి గ్లాసు పెట్టకుండా తాటాకు చాపలు పరిచాడు.

అట్టలు మార్చాక

మొత్తం ఏడు వారాలు పట్టింది. 43 వస్తువుల్లో 17 కథలు నిలబడ్డాయి. నిలబడినవాటిలో ఎక్కువ తాతగారింటి సామాను, ఎందుకంటే అక్కడ అమ్మకం లేదు, అబద్ధం చెప్పే అవసరమూ లేదు. 19 కథలు మారాయి. 7 వస్తువులు బయటికి పోయాయి. మారిన కథలు చిన్నవయ్యాయని యజమానికి మొదట్లో బెంగ. ఇప్పుడు "చూసింది" వరుస చదివి జనం వంగి బల్లల కింద చూస్తున్నారు, సొరుగు అద్దం మీద ఫోన్ టార్చి వేస్తున్నారు. గల్లాపెట్టె దగ్గర ఒకాయన నిలబడి, తన తాత కొట్లో తూము ఎంత ఉండేదో మా కుర్రాడికి చేతులతో కొలిచి చూపించాడు. వాళ్ల తూముకీ మనం రాసిన తూముకీ తేడా ఉందంట. అది కూడా "విన్నది" కింద రాసుకున్నాం.

సోడా ముసలాయన పేరు అట్ట మీద వేద్దామంటే వద్దన్నాడు. "సోడా అమ్మినోడు చెప్పాడు అని రాయి చాలు" అన్నాడు. అలాగే రాశాం.

గడియారాన్ని తీసేద్దామనే అనుకున్నాం. రైల్వే పెద్దాయన ఒప్పుకోలేదు. తనే వచ్చి గోడకి నిలువు చూసి, పెట్టెని అటూ ఇటూ జరిపి, టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమానమయ్యేదాకా చెవి పెట్టి విన్నారు. డయల్ మీద కొత్త కాగితం పీకేసి, కింద దొరికిన పేరులేని పాత డయల్‌నే ఉంచాం. దాని అట్ట ఇప్పుడు ఇదీ: "మూడు గడియారాల ముక్కలు. యంత్రం జపాన్‌ది. తలుపు పాత టేకు. వారానికి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది, సోమవారం పొద్దున సరిచేస్తాం."

సోమవారం పొద్దున సరిచేసేది ఆయనే. ఆయన దగ్గర షాపువాళ్లు కాఫీకి డబ్బులు తీసుకోరు.